బెల్లం ముక్క చెప్పిన నిజం

పిల్లలూ! చిత్తూరు దగ్గర ఒక బడిలో నేను నల్లబల్ల మీద నాలుక బొమ్మ గీసి, "తీపి నాలుక కొనకే తెలుస్తుంది, చేదు మొదటికే" అని పాఠం చెప్పాను. గానుగ ఆడించే ఇంటి పిల్లవాడొకడు లేచి, "అయ్యవారూ, బెల్లం పక్కన పెట్టుకున్నా తియ్యగానే ఉందే!" అన్నాడు.

"పుస్తకంలో అలాగే ఉంది, కూర్చో!" అన్నాను.

వాడు చెప్పిందే నిజం. 1901లో హేనిగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చూసినది కొద్దిపాటి తేడా. తరువాతివారు దాన్ని పెద్దది చేశారు. అది పొరపాటని 1974లోనే తేలినా, నాకు తెలియలేదు. ఉమ్మిలో కరిగిన బెల్లం ఏ రుచిమొగ్గకు తగిలినా, నరాలు ఆ కబురును మెదడుకు చేరవేస్తాయి. తీపి అని గుర్తించేది మెదడే.

ఆనాడు నేనూ ఒక ముక్క నోట వేసుకుని చూడవలసింది. మీరు తప్పక చూడండి.