మా నాయన మైకుసెట్టు

2022వ సంవత్సరమున నంద్యాల జిల్లా కేంద్రమైన కొలదినాళ్లకు, ఆళ్లగడ్డలోని మా పాతయింటి తలుపునకు గొళ్లెము వెదకుచు నేనొక పాతయినుము అంగడికి పోయితిని. అచట విరిగిన సైకిళ్లకును తుప్పుపట్టిన నాగళ్లకును నడుమ బూడిదవన్నె రేకుపెట్టె యొకటి బోర్లపడియుండెను. దాని వెనుకమూతమీద మేకుతో గీచిన '2' అను అంకె కలదు. కుడిమూల సొట్టపడి యుండెను. ఆ అంకెను గీచినది మా నాయన. ఆ సొట్టయు నేనెరిగినదే. అంగడివాడు పెట్టెను చేత నెత్తి, లోపలి రాగికే వెల యున్నదని చెప్పి తొమ్మిదివందల రూపాయ లడిగెను. బేరమాడక యిచ్చితిని. గొళ్లెము మాట మరచితిని.

మా నాయన ఆళ్లగడ్డలో మైకుసెట్లు అద్దె కిచ్చువాడు. ఆయనకు రెండు సెట్లుండెను. ఇది రెండవది. పెండ్లిండ్లకును, నాటకములకును, ఫాల్గుణమాసమున అహోబిల బ్రహ్మోత్సవములకును ఎద్దులబండిమీద వానిని తీసికొని పోవుచుండెను. అవి వాల్వుల సెట్లు. మీట నొక్కినంతనే పలుకవు. గాజుబుడ్లలో తీగలు మెల్లగా ఎర్రబారి వేడెక్కువరకు అరనిమిషము వేచియుండవలెను. ఆ అరనిమిషమును ఊరివారందరు మాటలు మాని ఆ పెట్టెనే చూచుచుందురు. తరువాత బూరలో గుయ్యిమను ధ్వని పుట్టును. నేటి బాలురకు ఆ యెదురుచూపు తెలియదు.

1974వ సంవత్సరపు వేసవిసెలవులలో నంద్యాల హాస్టలునుండి యింటికి వచ్చియుంటిని. నాకప్పుడు పన్నెండేండ్లు. మా నాయనయొద్ద పదునారేండ్ల పనివాడొకడుండెను. నేనతనిని అన్నా యని పిలుచువాడను. ఒక పెండ్లిలో, భోజనముల వేళ, అతడు విస్తరి ముందు కూర్చుండుటకు పోయెను. మా నాయన పందిటిలో నుండెను. పాటలరికార్డు తిరుగుచునే యుండెను. మైకులో నా గొంతు నేనే వినవలెనను కోరిక నాకు చిరకాలముగా నుండెను. బూర వేపచెట్టుపై రోడ్డువైపు తిరిగియుండుటచేత, దానిని నావైపు త్రిప్పుకొనవలెనని దాని తీగను ఊడదీసితిని. కొంతసేపటికి పెట్టెనుండి కాలిన మైనపువాసన వచ్చెను. పిదప పొగ వచ్చెను. నేను పరుగెత్తి పంక్తిలో అందరితో కూర్చుంటిని.

ఆ సాయంకాలమే మా నాయన ఆ పనివానిని పంపివేసెను. ఆ వారపు కూలియు ఈయలేదు. ఆ వైశాఖములో మిగిలిన ముహూర్తములకు ఒక్క సెట్టే గతియయ్యెను. నేను నోరు విప్పలేదు. తరువాత ఆ సెట్టును కర్నూలులో బాగుచేయించిరి. ట్రాన్సిస్టరు సెట్లు వచ్చినపిదప అమ్మివేసిరి. మా నాయన 1996లో గతించెను. ఆయనకును చెప్పలేదు.

ఆ పనివాడు నంద్యాలకు పోయి, రేడియో అంగడిలో చేరి పని నేర్చి, తానే యొక అంగడి పెట్టుకొనెను. నేను నంద్యాలకు వెళ్లినప్పుడెల్ల ఆ వీథి తప్పించుకొని పోవువాడను. కాని నేడు వాల్వుల సెట్టును ముట్టువారు నాకు తెలిసి ఆయన యొక్కడే. పెట్టెను ఆటోలో పెట్టుకొని పోయితిని.

ఆయన అంకెను చూచెను. నా మొగము చూచెను. "ఏమబ్బీ, ఇది ఇంకా యున్నదా?" అనెను. ఒకసారి ప్లగ్గు పెట్టి చూతమా యని నేను చేయి చాపగా ఆపెను. ఆయన చెప్పిన కారణమిది. లోపలి కాగితపు కండెన్సర్లు ఏండ్లు గడచినకొలది కారును. ముందరి వాల్వునందలి అధిక వోల్టేజిని ఆపి, పాటను మాత్రమే పోనిచ్చుట వాని పని. అవి కారినచో ఆ వోల్టేజి వెనుకటి వాల్వు గ్రిడ్డును చేరి, లోపలి పలక ఎర్రగా కాగి వాల్వు నశించును. కావున ముందు కండెన్సర్లన్నియు మార్చి, తరువాత నూరువాట్ల బల్బును సీరీసులో పెట్టి కరెంటు ఇయ్యవలెను. బల్బు వెలిగి మసకబారినచో మేలు. వెలుగుచునే యున్నచో లోపల దోషము కలదు. విద్యార్థులారా, ఒక మాట: ప్లగ్గు తీసినను ఇట్టి పెట్టెలోని పెద్ద కండెన్సర్లలో మూడువందల వోల్టులవరకు నిలిచియుండవచ్చును. పని తెలిసినవారు లేక మూత తీయకుడు.

ఒక ఈ.యల్. 84 వాల్వు చచ్చియుండెను. ఆయన డబ్బానుండి, బెంగుళూరి భారత్ ఎలెక్ట్రానిక్సువారు పూర్వము చేసిన వాల్వొకటి తీసెను. 1904లో ఫ్లెమింగు రెండు ఎలెక్ట్రోడులతో పేటెంటు కోరిన గాజుబుడ్డికి, 1906లో డీ ఫారెస్టు మూడవది చేర్చినాడు. ఆ మూడవదానివలననే చిన్న గొంతు పెద్దదయ్యెను. మా మనుమడు దీనిని చూచి ఎడమచెవి పాట యెక్కడ, కుడిచెవి పాట యెక్కడ అని యడిగెను. 1931లోనే బ్లూమ్లీను స్టీరియోకు పేటెంటు కోరెను గాని, అది మా పందిళ్లకు రాలేదు. ఊరంతకు ఒక్క బూరయే.

అడుగుభాగము విప్పినప్పుడు ఆయన ఔట్‌పుట్ ట్రాన్సుఫార్మరును వ్రేలితో తట్టెను. "ఇది మరల చుట్టినది. బూర లేకుండ పాడించినచో వోల్టేజి పోవుటకు దారిలేక తనచుట్టునే పొడుచుకొనును," అనెను.

"అన్నా, బూరతీగ ఊడదీసినది నేను," అంటిని.

ఆయన చేతిలోని టంకపుకడ్డీని స్టాండుపై పెట్టెను. చాలసేపటికి, "భోజనానికి పోయేముందు తీగ బిగించితినో లేదో యని ఇన్నేండ్లు తలచుచుంటి నబ్బీ," అనెను. నాపై కోపపడునని యెదురు చూచితిని గాని, ఆయన తన్నే అనుమానించుకొని యుండునని తలపలేదు. అటుపై రెండుదినములు పనిమాట తప్ప ఆయన నాతో పలుకలేదు. నేనును పలుకరింపలేకపోతిని.

మూడవనాడు లెక్క కట్టితిమి. కండెన్సర్లకును వాల్వుకును వెల తీసికొనెను. తన పనికి నేనిచ్చిన సొమ్మును త్రోసివేసెను. "ఆ వారము కూలి మాత్రము ఈయి. దినమునకు రెండురూపాయలు," అనెను. పదునాలుగు రూపాయలు లెక్కబెట్టి యిచ్చితిని. చొక్కాజేబులో వేరుగా పెట్టుకొనెను.

సీరీసుబల్బు వెలిగి మసకబారెను. అరనిమిషము గడచెను. వాల్వులు ఎర్రబారెను. గుయ్యిమను పాతధ్వని వచ్చెను.

"ఆనాడు మైకులో ఏమి చెప్పవలెనని యుంటివి?" అని యడిగెను.

"నా పేరే," అంటిని.

ఆయన నవ్వలేదు. బూరతీగను తానే బిగించి, రెండుమారులు లాగి చూచి, మైకు నా చేతి కిచ్చెను.