నాయనమ్మ దాహం

మే నెలలో 45 డిగ్రీలు దాటే రెంటచింతల మాది. సెలవులకు వెళ్లేసరికి నాయనమ్మ నన్ను మా నాన్న పేరుతో పిలిచింది. మతి తప్పిందనుకున్నాం. డాక్టరుగారు నాలుక చూసి, "మతి కాదయ్యా, ఒంట్లో నీరు తగ్గింది" అని సెలైను పెట్టారు. వయసు మీదపడితే దాహం సరిగా తెలియదట. మూత్రపిండాలు కూడా మునుపటిలా నీటిని పట్టి ఉంచలేవట. బి.ఎస్సీ. చదివే నాకిది తెలియకపోవడం సిగ్గుచేటే!

మర్నాటికి తేరుకుంది. "కాసిని నీళ్లు తాగొచ్చుగా నాయనమ్మా?" అన్నాను.

"తాగితే రాత్రి రెండుసార్లు లేవాలి. దొడ్లో చీకటి. నిన్ను లేపనా, మీ అమ్మను లేపనా?" అంది.

చెంబెడు మజ్జిగ చేతికిచ్చి, దొడ్డి గుమ్మానికి బల్బు కట్టాను. ఆ రాత్రి రెండుసార్లు లేచింది. నన్ను లేపలేదు. నేను మెలకువగానే ఉన్నాను.