ఇచ్చేస్తున్నాను, ఎవరికైనా కావాలా?

ఫైనలియర్ ప్రాజెక్టు వైవా అయిపోయిన మర్నాడు నా సామానంతా మంచం మీద పోశాను. బట్టలు ఒక్క బ్యాగులో సరిపోయాయి. బకెట్టూ మగ్గూ పక్క గదివాళ్ళు నెల ముందే బుక్ చేసుకున్నారు. ఇక మిగిలినవి పదకొండు పుస్తకాలు, ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్ల కట్ట, మల్టీమీటరు, ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవు. ఇవన్నీ ఊరికి మోసుకెళితే ఏమవుతుందో నాకు తెలుసు. మా నాన్నది టైలరింగ్ షాపు. బరువైన పుస్తకం కంటపడితే చాలు, ఫ్యాను గాలికి గుడ్డ ఎగరకుండా దానిమీద పెట్టేస్తాడు. కోర్మెన్ అల్గారిథమ్స్ పుస్తకం ఆ పనికి భేషుగ్గా ఉంటుంది, వెయ్యి పేజీలు దాటింది కదా.

అందుకని హాస్టల్ వాట్సాప్ గ్రూపులో లిస్టు పెట్టేశాను. అన్నీ ఉచితం, ముందు అడిగినవాళ్ళకి ముందు. పెట్టినప్పుడు కాస్త గొప్పగానే అనిపించింది, ఎందుకు దాచడం. నాలుగు నిమిషాల్లో మొదటి పుస్తకం పోయింది. కెర్నిగన్, రిచీ కలిసి రాసిన సి పుస్తకం. మూడో అంతస్తులో ఉండే సెకండియర్ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి, థాంక్స్ అక్కా అని పట్టుకెళ్ళింది.

ఆ పుస్తకం గురించి కొంచెం చెప్పాలి. సి భాషని తయారుచేసిన డెనిస్ రిచీ, బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి 1978లో రాశాడు. నా దగ్గరున్నది 1988లో వచ్చిన రెండో ఎడిషన్, ఇండియాలో వేసిన చవక ప్రింటు. మూడు వందల పేజీలు కూడా ఉండదు. ఏ భాష నేర్చుకున్నా మనం మొదట కొట్టే 'హలో వరల్డ్'ని లోకానికి అలవాటు చేసింది ఈ పుస్తకమే. కానీ నాకు అది ఎప్పుడూ కెర్నిగన్ పుస్తకం కాదు, సీనియరక్క పుస్తకం.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంటర్లో ఇంగ్లీషు వచ్చింది గానీ అక్కడ అర్థం చేసుకోనక్కర్లేదు, బట్టీ కొడితే చాలు. బీటెక్ మొదటి సెమిస్టర్లో పాయింటర్లు మొదలయ్యేసరికి ఆ బండి ఆగిపోయింది. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో తెలుగులోకి తిప్పుకునేలోపు బోర్డు తుడిచేసేవారు. ఒకరోజు ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఒక సీనియరక్క వచ్చి ఈ పుస్తకం చేతిలో పెట్టింది. తను కోఠీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నదట. అంచుల నిండా పెన్సిల్‌తో తెలుగు రాతలు. అయిదో అధ్యాయం మొదట్లో ఇలా రాసి ఉంది: పాయింటర్ అంటే ఇంటి నంబరు రాసుకున్న చీటీ. చీటీ ఇల్లు కాదు. ఇంకో పేజీలో: ఇల్లు కూల్చేసినా చీటీలో నంబరు అలాగే ఉంటుంది, నమ్మి వెళ్ళావో పోతావు. మెమరీని ఫ్రీ చేసేశాక కూడా పాత పాయింటర్‌ని వాడితే ప్రోగ్రామ్ ఎందుకు కూలుతుందో నాకు ఇంతకంటే బాగా ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

తర్వాత తర్వాత ఆ రాతల కింద నేనూ రాయడం మొదలుపెట్టాను. ఇచ్చేటప్పుడు అక్క చెప్పింది ఒక్కటే. "నీ పనయ్యాక ఇంకెవరికైనా ఇచ్చెయ్, బీరువాలో మాత్రం పెట్టకు." ఇచ్చేశాను కదా, మాట నిలబెట్టుకున్నా అనుకున్నాను.

మిగతా పుస్తకాలు ఇచ్చే ముందు ఒక్కోటీ తిరగేశాను. పాత పుస్తకాన్ని ఊరికే చేతిలో పెడితే ఒక్కోసారి మేలుకన్నా కీడే ఎక్కువ. నా 'లెట్ అస్ సి' టర్బో సి కాలం నాటి ఎడిషన్. అందులో ఉన్నదున్నట్టు కొడితే ఇప్పటి జీసీసీలో మొదటి లైనుకే ఎర్రర్. పాపం, తప్పు తనదేమో అనుకుంటుంది ఫస్టియర్ పిల్ల. అందుకని అట్ట లోపల చీటీ అంటించాను: కోనియో హెడర్ తీసెయ్, క్లియర్‌స్క్రీన్ తీసెయ్, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాయి, గెట్స్ వాడకు, దాన్ని 2011 స్టాండర్డులోనే తీసేశారు. పైథాన్ పుస్తకం దగ్గర మాత్రం ఆగిపోయాను. అది పైథాన్ 2 పుస్తకం, ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేని కాలానిది. దానికి 2020 జనవరి 1తో సపోర్టే ఆగిపోయింది. దాన్ని దానం చేయడమంటే వట్టిపోయిన ఆవుని దానం చేయడమే. పాత పేపర్ల కట్టలో పడేశాను.

ఆర్డుయినోకి ఎప్పుడూ పోయేది కేబులే. బోర్డు వైపు చదరంగా ఉంటుంది, పాత ప్రింటర్లకి వచ్చే రకం. గదంతా వెతికి పట్టుకుని, పదమూడో పిన్ ఎల్ఈడీ మిణుకు మిణుకుమనేదాకా చూసి ఇచ్చాను. మల్టీమీటర్లో కొత్త బ్యాటరీ వేశాను.

"అక్కా, మీ దగ్గర సాఫ్ట్‌వేర్ క్రాకులు ఉంటే అవి కూడా ఇవ్వరా" అని ఇద్దరు అడిగారు. నవ్వొచ్చింది, ఫస్టియర్లో నేనూ అలాగే అడిగా. క్రాక్‌తో పాటు వైరస్ కూడా దిగి నా రికార్డు ఫైళ్ళు మొత్తం మింగేసింది. జెట్‌బ్రెయిన్స్ వాళ్ళు విద్యార్థులకి లైసెన్సు ఉచితంగానే ఇస్తారు, కానీ ఎవరి పేరు మీద తీసుకుంటే వాళ్ళకే, ఏడాదికోసారి రెన్యువల్ చేసుకోవాలి. నాది తీసి ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్ కూడా అంతే. ఆ సాయంత్రం కూర్చుని వాళ్ళిద్దరి ఐడీ కార్డులతో వాళ్ళ పేర్లమీదే అప్లై చేయించాను. పుస్తకం ఇవ్వడానికి అరనిమిషం పట్టింది, దీనికి రెండు గంటలు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. రాత్రి నీళ్ళు పట్టుకోవడానికి కిందికి దిగితే, వాటర్ కూలర్ పక్కన నేలమీద ఒక ఫస్టియర్ అమ్మాయి కూర్చుని ఉంది. అక్కడ వైఫై బాగా వస్తుంది. ఫోనులో ఏదో తెగ కొడుతోంది. చాటింగేమో అనుకుని దాటిపోబోయాను. నల్ల స్క్రీను మీద తెల్ల అక్షరాలు కనబడ్డాయి. టెర్మక్స్ యాప్ వేసుకుని, అందులో క్లాంగ్ కంపైలర్ పెట్టుకుని, సి ప్రోగ్రాములు రాస్తోంది. ఫోన్ కీబోర్డులో ఒక కర్లీ బ్రాకెట్ కొట్టాలంటే రెండుసార్లు పేజీ మార్చాలి. ఆ ఫోను స్క్రీను కూడా మూలన పగిలింది.

"గ్రూపులో పుస్తకాలు ఇస్తానని పెట్టాను కదా, చూడలేదా?"

"చూసిన అక్కా. ల్యాప్‌టాప్ ఉన్నోళ్ళకేమో అనుకున్న."

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ముందు అడిగినవాళ్ళకి ముందు అని రాశాను. అడగడానికే జంకేవాళ్ళ సంగతి ఆలోచించలేదు. ఫస్టియర్లో నేనూ అలాంటిదాన్నే. సీనియరక్క ఏ లిస్టూ పెట్టలేదు, నేను అడగనూ లేదు. తనే మెట్ల దగ్గరికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మూడో అంతస్తుకి వెళ్ళాను. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు, నేను ఆవునే వెనక్కి తోలుకుపోదామని వచ్చాను. తలుపు కొట్టడానికి చాలాసేపు మనసు రాలేదు. లోపల నా పుస్తకం ల్యాప్‌టాప్ కింద ఉంది.

"వేడెక్కిపోతోందక్కా, కూలింగ్ ప్యాడ్ కొనేదాకా..." ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "నేను యూట్యూబ్‌లోనే చూస్తాను. ఇంట్లో ఒక పుస్తకం ఉంటే మంచిదని తీసుకున్నా."

తిట్టాలని వెళ్ళలేదు, తిట్టే మొహమూ నాకు లేదు. నా పదకొండింటిలో మూడు నేను కూడా అలా కొన్నవే, ఒక్క పేజీ తిప్పలేదు. సంగతి చెప్పాను. వెంటనే తీసి ఇచ్చేసింది. "మరి ల్యాప్‌టాప్ కింద ఏం పెట్టనక్కా?" అంది. కిందికెళ్ళి పాత పేపర్ల కట్టలోంచి పైథాన్ 2 పుస్తకం తెచ్చిచ్చాను. మందం సరిగ్గా సరిపోయింది.

నేను ఊరికి బయల్దేరే ముందురోజు ఆ ఫస్టియర్ అమ్మాయి మా గదికి వచ్చింది. పుస్తకంలో వేలు పెట్టి పట్టుకుంది.

"అక్కా, పైన రాసింది ఎవరు, కింద రాసింది ఎవరు?"

"పైన మా సీనియరక్క. కింద నేను."

"కిందిది తప్పు అక్కా."

నేను రాసింది ఇది: అర్రే పేరు కూడా పాయింటరే. తను ఫోను చూపించింది. పది ఇంట్‌ల అర్రేకి సైజాఫ్ అడిగితే 40 వచ్చింది, పాయింటర్‌కి అడిగితే 8. "రెండూ ఒకటే అయితే ఒకే నంబర్ రావాలె కదా?" అంది. అవును, రావాలి. అర్రే అంటే పది ఇళ్ళ వరస, పాయింటర్ అంటే చీటీ. వరస పేరు చెబితే చాలాచోట్ల మొదటి ఇంటి నంబరే చేతికొస్తుంది, అక్కడే నేను పొరబడ్డాను. మూడేళ్ళుగా అదే నమ్ముతున్నాను. క్యాంపస్ ఇంటర్వ్యూలో కూడా అదే చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాను, వాళ్ళూ పట్టుకోలేదు.

కొట్టెయ్ అని పెన్సిల్ ఇచ్చాను. కొట్టెయ్యలేదు. నా వాక్యం కింద చిన్న అక్షరాలతో '40, 8, చూసుకో' అని రాసి, పెన్సిల్ కూడా పుస్తకంలోనే పెట్టుకుని వెళ్ళిపోయింది.