పర్రలో నా అడుగులు

ఆ రోజు నేను చేసిన పని చెప్పాలంటే ముందు తీతువు గుడ్లు ఎట్లా ఉంటాయో చెప్పాలి. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. నాలుగుంటాయి, సన్నటి కొనలన్నీ లోపలికి తిరిగి. గూడంటూ ఏమీ ఉండదు. నేలమీద అరచెయ్యంత గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, ఎండిన మేక పెంటికలు. రెండడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనవు. అలాంటివి నాకు కనిపించాయి. అదే అదృష్టమనుకున్నాను.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, దొరవారిసత్రం ఇటు వచ్చాయి. కొండే తప్ప కడలి లేదనుకునే మాకు పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం సొంత జిల్లావి అయిపోయాయి. చలికాలంలో రాజహంసల కోసం జనం కిటకిటలాడతారు. నాకు మాత్రం ఉగాదికి అటూ ఇటూ రోజులే ఇష్టం. ఈశాన్య రుతుపవనాలు నింపిన నీళ్లు అప్పటికి ఇంకిపోతూ, సరస్సు ఉత్తరపు కొసన పర్ర బయటపడుతుంది. మిగిలిన మడుగుల దగ్గర ఉల్లంకులు బురదలో ముక్కులు గుచ్చుతుంటాయి. చలికాలమంతా బూడిదరంగులో ఉన్న వంపుముక్కు ఉల్లంకికి ఆ రోజుల్లో పొట్ట ఇటుకరంగుకు తిరుగుతుంది. సైబీరియా ఉత్తరాన గుడ్లు పెట్టడానికి వేల కిలోమీటర్లు ఎగరాలి. ఈ బురదలో తిన్నదే దాని దారిబత్తెం.

ఆ ఇటుకరంగు ఫొటో తీయాలనే శ్రీహరికోట రోడ్డు మీద బండి ఆపి, కట్ట దిగి, పర్రలో నడిచాను. పైన పొర ఎండినట్టుంది గానీ కాలు వేస్తే చీలమండ దాకా దిగబడుతోంది. ఉల్లంకులు లేచిపోయాయి. తీతువుల జంట ఒకటి మాత్రం నా నెత్తిమీదే తిరుగుతూ అరుపులు. చిన్నప్పుడు రాత్రిపూట ఆ అరుపు వినబడితే మా అవ్వ కీడని గొణుక్కునేది. ఆ పగలు నాకది మంచి శకునమనిపించింది, కాళ్ల దగ్గర గుడ్లు కనబడ్డాయి గనుక.

మోకాళ్ల మీద కూర్చున్నాను. పైనుంచి, పక్కనుంచి, కళ్లు నేలకానించి తీశాను. తల్లి వచ్చి కూర్చుంటే అది కూడా తీద్దామని కాచుకున్నాను. పదకొండు దాటి, పన్నెండైంది. అది కాస్త దూరంలో వాలడం, రెండడుగులు పరుగెత్తడం, మళ్లీ లేవడం. దాని తంటా నాకు అర్థం కాలేదు.

గేదెలు తోలుకుంటూ కట్ట మీద పోతున్న పెద్దావిడ ఆగింది. "ఏంది నాయనా, దాని ఇంటి ముందర అంతసేపు కూర్చుంటే అదెట్టా వచ్చేది? ఎండకు గుడ్లు ఉడికిపోవా?" అంది.

లేచి వచ్చేశాను. ఇంటికెళ్లి చదివితే తెలిసింది. ఎండాకాలంలో తీతువు గుడ్లను పొదగడం అంటే వేడి చెయ్యడం ఒక్కటే కాదు, నీడ పట్టడం కూడా. నీళ్లలో పొట్ట ఈకలు తడిపి తెచ్చి, ఆ తడితో గుడ్లు చల్లబరుస్తుంది. ఆ గంటన్నర సేపూ అది అడుగుతున్నది గుడ్ల దగ్గరికి దారే. అడ్డం కూర్చున్నది నేను. పంచతంత్రంలో తీతువు గుడ్లను సముద్రం ఎత్తుకుపోతుంది. చిన్నప్పుడు ఆ కథ విని సముద్రం మీద కోపం తెచ్చుకున్నవాణ్ణి నేను.

పది రోజుల తర్వాత వెళ్లాను. పొదిగి పిల్లలు కావడానికి దాదాపు నెల పడుతుంది. గుంట ఖాళీగా ఉంది, ఒక పెంకు ముక్క తప్ప. పర్ర ఎండి గట్టిపడింది. నా అడుగులు అచ్చు గుద్దినట్టు కట్ట నుంచి గుంట దాకా తిన్నగా ఉన్నాయి. వాటి పక్కనే, కొన్నిచోట్ల వాటిలోనే, కుక్క పాదాలు. ఎండతో పోయాయో, కుక్క తిన్నదో నేను చెప్పలేను. ఆ దారి వేసింది మాత్రం నేనే. ఆ ఫొటోలన్నీ తీసేశాను. ఎవరికీ చూపలేదు.

ఇప్పుడు కట్ట దిగను. నేలపట్టులో కడప చెట్ల మీద గూడబాతుల పిల్లల్ని చూడాలన్నా వాచ్‌టవర్ మీద నుంచే, గొంతు తగ్గించి. పులికాట్‌లో ఎనిమిది గంటలకల్లా నా పని అయిపోవాలి. తీతువు అరిచిందంటే వచ్చిన దారినే వెనక్కి.

మొన్న ఉగాది మర్నాడు బండిలోనే కూర్చుని బైనాక్యులర్‌తో చూశాను. ఒక తీతువు మడుగులో దిగి, పొట్ట ముంచి, రెండుసార్లు ఊగి లేచింది. నీటి బొట్లు కారుతుండగా గబగబా నడిచి ఒకచోట ఆగి, ఈకలు విప్పి కూర్చుంది. అక్కడ గుడ్లున్నాయని నాకు అప్పుడే తెలిసింది.