మామ్మ కబుర్లకు కొత్త ఇల్లు

పిల్లలూ, ధవళేశ్వరంలో మా ఇంట్లో ఒక కంప్యూటరు ఉన్నది. మొన్న వేసవిలో దాని కడుపు నిండిపోయింది. ఏది దాచబోయినా చోటు లేదని తెరమీద కనిపించేది. చోటు కావాలంటే కొన్ని తీసివేయాలి గదా! కాని ఏవి తీసివేస్తాం? 2015 గోదావరి పుష్కరాలలో మా అమ్మ రామపాదాల రేవులో స్నానం చేసి, మెట్లమీద కూర్చుని చెప్పిన కబుర్లన్నీ అందులోనే ఉన్నవి. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ వీడియోలకు మరొక ప్రతి కూడా లేదు. అది నా బద్ధకం.

అందుచేత పెద్ద ఎస్‌.ఎస్‌.డి. ఒకటి తెచ్చాను. పాతది 256 జీబీలు, కొత్తది 1 టీబీ. అరచేతిలో పట్టే పల్చని డబ్బా. ఊపినా చప్పుడు కాదు. లోపల తిరిగేది ఏదీ లేదు మరి! హార్డ్ డిస్కులో అయితే అయస్కాంతపు పూత పూసిన పళ్ళెం నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో గిరగిర తిరుగుతూ ఉంటుంది. 1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు చేసిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో రెండేసి అడుగుల పళ్ళాలు 50 ఉండేవి. అంతా కలిసి పట్టేది 50 లక్షల అక్షరాలు! ఎస్‌.ఎస్‌.డి.లో పళ్ళాలకు బదులు కంటికి కనిపించనంత చిన్న గదులు కోట్లకొద్దీ ఉంటవి. ఒక్కొక్క గదిలో కాసిని ఎలక్ట్రానులను బంధించి ఉంచుతారు. ఎన్ని ఉన్నవన్నదే అక్కడి రాత. కరెంటు తీసివేసినా అవి పారిపోవు. ఏళ్ళతరబడి మూల పడవేస్తే మాత్రం మెల్లగా జారుకోవచ్చు.

ఇక అసలు పని. కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకి, మూత విప్పి కొత్త డ్రైవును కూడా తగిలించాను. తరవాత నకలు తీసే ప్రోగ్రాం నడిపించాను. ఏ డ్రైవునుంచి ఏ డ్రైవులోకి అని అది అడిగింది. రెండింటి పేర్లూ పొడుగాటి అంకెలే. నేను ఒకదాన్ని ఎంచి, బొత్తాం నొక్కబోతున్నాను.

"పెదనాన్నా, ఆగు!" అన్నది మా తమ్ముడి కూతురు. "931 అని ఉన్నదే కొత్తది. నువ్వు తిరగేశావు!"

నొక్కి ఉంటే ఖాళీ డ్రైవు వచ్చి నిండు డ్రైవును తుడిచిపెట్టేది. నాకు చెమటలు పట్టినవి.

"వెయ్యి జీబీలని కొంటే 931 ఏమిటే?" అన్నాను.

"అమ్మేవాళ్ళ కుంచం వేరు, కంప్యూటరు కుంచం వేరు" అన్నది. నిజమే. అమ్మేవారి జీబీకి 100 కోట్ల బైట్లు. మా కంప్యూటరు 1,024ను మూడుసార్లు వేసి హెచ్చవేస్తుంది; అంటే 107 కోట్ల పైచిలుకు. ఆ పెద్ద కుంచంతో కొలిస్తే వెయ్యి కాస్తా 931 అవుతుంది, మా 256 కాస్తా 238 అవుతుంది.

అంతటితో ఆ పని ఆపి, ముందు వీడియోలన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. ఆ తరవాతే నకలు తీశాం. కరెంటు పోతుందేమోనని ఫాను వంక చూస్తూ కూర్చున్నాను.

కొత్త డ్రైవుతో కంప్యూటరు చక్కగా లేచింది. కాని చోటు ఇంకా 238 జీబీలే! నకలు గదా, పాత సరిహద్దులు కూడా అలాగే వచ్చినవి. 1852లో కాటన్ దొర మా ఊళ్ళో ఆనకట్ట పూర్తిచేయించాడు. ఒక్క ఆనకట్టతోనే చేలకు నీరు పారిందా? కాలువలు తవ్వితేనే గదా! మేమూ ఆ సరిహద్దును చివరిదాకా జరిపాం. చోటంతా చేతికి వచ్చింది.

మొదట తెరిచి చూసింది రేవు వీడియోనే. "ఒరే, ఎండలో నించోకు, ఇటు నీడకు రా" అంటున్నది మా అమ్మ.

పాత డ్రైవును ఇంకా చెరపలేదు. బీరువాలో ఆవిడ కళ్ళజోడు పక్కన ఉంచాను.