డెంట్ ప్లేస్‌లో ఒక తోట మూల

అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలో జార్జ్‌టౌన్ అతి పురాతనమైన పేట. ఇటుక ఇళ్లు బారులు తీరిన ఆ పేటలో డెంట్ ప్లేస్ అనే వీధి ఉంది. రెండు శతాబ్దాల క్రితం ఆ వీధిలోని ఒక స్థలంలో ఒక వృద్ధ ముస్లిం సొంత ఇంట నివసించేవారు; పెరటి తోటలో నమాజు చేసుకునేవారు. ఆయన పేరు యారో మామౌట్. మామౌట్ అన్నది మహమూద్‌కు రూపాంతరమని భావిస్తారు.

పశ్చిమాఫ్రికాకు చెందిన ఫులానీ జాతీయుడైన యారోను 1752లో, యుక్తవయసులోనే, బానిసల ఓడలో మేరీలాండ్ తీరానికి తెచ్చారు. నలభై నాలుగేళ్ల దాస్యం తరువాత, 1796లో విముక్తి లభించింది. అప్పటికి వయసు అరవైకి చేరింది. రెక్కల కష్టంతో కూడబెట్టిన సొమ్ము రెండుసార్లు పోయినా నిరాశ చెందలేదు. 1800లో డెంట్ ప్లేస్ స్థలం కొన్నారు. 1819లో చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ ఆయన రూపాన్ని చిత్రించారు. పందిమాంసం, మద్యం మంచివి కావని యారో చెప్పేవారని పీల్ తన దినచర్యలో రాసుకున్నారు. 1823లో యారో మరణించారు. నిత్యం ప్రార్థించిన తోట మూలనే ఆయనను ఖననం చేశారని నాటి సంస్మరణ తెలిపింది.

కాలక్రమంలో అక్కడ మరొక ఇల్లు వెలిసింది. చెట్టు కూలి అది దెబ్బతిన్నది. చివరకు దానిని తొలగించి కొత్త నిర్మాణానికి స్థలాన్ని సిద్ధం చేశారు. అప్పుడే ఆందోళన మొదలైంది: పునాదులు తవ్వే యంత్రాల కింద ఒక విశ్వాసి సమాధి ఉంటే? స్థలయజమాని అనుమతితో నగర పురావస్తు నిపుణులు, స్వచ్ఛంద కార్యకర్తలు 2015 వేసవిలో తవ్వకాలు చేపట్టారు.

ఇటువంటి పరిశోధనలో తొందరకు తావులేదు. నేలను చతురస్రాలుగా విభజించి, తాపీలతో పొర తరువాత పొర గీకుతారు. తీసిన మట్టిని జల్లెడ పడతారు. పింగాణీ పెంకు, మేకు, గాజుముక్క ఏ పొరలో దొరికిందో నమోదు చేస్తారు. తవ్వి పూడ్చిన గొయ్యి రంగు చుట్టుపక్కల మట్టికి భిన్నంగా ఉంటుంది. కనుక ఎముకలు కరిగిపోయినా సమాధి జాడ మిగలవచ్చు. ఒక్కసారి యంత్రం దిగితే ఆ సాక్ష్యమంతా చెదిరిపోతుంది. అందుకే పరిశోధన నిర్మాణానికి ముందే జరగాలి.

సమాధి దొరకలేదు. నిశ్చయంగా యారోవే అనదగిన వస్తువులూ లభించలేదు. అయినా ఆ శ్రమ వృథా కాదు. వెతకకుండా కట్టి ఉంటే సందేహం శాశ్వతంగా మిగిలేది. మరణించినవారి పట్ల చూపవలసిన మర్యాద లోపించేది.

వాషింగ్టన్ పరిసరాలలో నివసిస్తున్న మన కుటుంబాలు ఒక సెలవురోజు పిల్లలతో ఆ వీధికి వెళ్లవచ్చు. జేమ్స్ సింప్సన్ 1822లో గీసిన యారో చిత్రాన్ని జార్జ్‌టౌన్ గ్రంథాలయం భద్రపరిచింది. ఇక్కడ ఉన్న మనం, తాతల నాటి ఇల్లు విప్పే ముందు ఆ గోడల ఫోటోలు, దస్తావేజులు, అందులో నివసించినవారి పేర్లు భద్రపరచుకుందాం. ఆ పని ఇల్లు నిలిచి ఉండగానే సాధ్యం.