పక్కబట్టలు

'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అనే సామెత తెలుగునాట అందరికీ తెలిసినదే. అలసిన దేహానికి కటికనేల సైతం పట్టుపాన్పుగా తోస్తుంది. అయితే ఈ సామెత ఒక రాత్రికి వర్తించినట్లు రెండేళ్ళకు వర్తించదు. పదో తరగతి ముగించి, ఇల్లు విడిచి, వసతిగృహంలో చేరిన ఇంటర్మీడియట్ విద్యార్థి చదువు ముగిసేదాకా ఇరుకు మంచం మీదనే నిద్రించాలి. ఆ మంచంపై ఏమి పరచుకోవాలన్నది చిన్న ప్రశ్నగానే కనిపిస్తుంది. కాని ఆరోగ్యానికీ, చదువుకూ, తండ్రి అప్పుచేసి తెచ్చిన డబ్బుకూ దానితో సంబంధముంది.

విద్యార్థి లక్షణాలలో 'శ్వాననిద్ర'ను పెద్దలు ఒకటిగా చెప్పారు. దానిని నిద్ర మానుకోమన్న ఉపదేశంగా గ్రహించరాదు. పిలిచిన వెంటనే మేల్కొనే చురుకుదనమే అందులోని ఆంతర్యం. 13 నుంచి 18 ఏళ్ళ వయస్సువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్య నిపుణుల సంస్థ 2016లో సూచించింది. చదివినది మనస్సులో స్థిరపడటానికి నిద్ర తోడ్పడుతుంది. కనుక మంచి పడక విలాసం కాదు, పాఠ్యపుస్తకం వంటి అవసరం.

మంచి పడక అంటే ఖరీదైన పడక అని అర్థం కాదు. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుని ఆశ్రయం పొందిన విద్యానాథుడు తన 'ప్రతాపరుద్రీయం'లో 'శయ్య' అనే కావ్యధర్మాన్ని వివరించాడు. పదాలు పరస్పరం మైత్రితో ఒదిగి ఉండటమే శయ్య. పడకను తెలిపే మాటనే ఆలంకారికులు ఆ గుణానికి పేరుగా పెట్టడం గమనింపదగినది. మంచానికి పరుపు, ఋతువుకు దుప్పటి, మెడకు దిండు ఒదిగినప్పుడే పడక సుఖమిస్తుంది.

కనుక కొనడానికి ముందు మంచాన్ని కొలవాలి. అంచులు దాటి వేలాడే పరుపు ఎంత మెత్తనిదైనా నిరుపయోగమే. దూది పరుపు చెమ్మకు బరువెక్కి ఉండలు కడుతుంది. ఎండబెట్టి దులిపితే తేరుకుంటుంది. కాని దానిని తరచుగా మేడ మీదికి మోయగల ఓపిక ఉండాలి. స్పాంజి పరుపు తేలికైనదే గాని వేసవిలో వేడిని నిలుపుతుంది. పలుచని కొబ్బరిపీచు పరుపు కొంత గట్టిగా ఉన్నా గాలి ఆడనిస్తుంది. దానిపై నూలు జంపఖానా పరిస్తే గట్టిదనం తగ్గుతుంది. నేతపనికి పేరొందిన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. చుట్టి చంకన పెట్టుకొని ప్రయాణించడానికీ, ఉతికి ఆరవేయడానికీ జంపఖానా అనువైనది.

నూలు దుప్పట్లు రెండు జతలుంటే ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు మరొకటి అక్కరకు వస్తుంది. మాసినా కనిపించదని ముదురు రంగును ఎన్నుకోవడం వివేకం కాదు. లేత రంగు దుప్పటిపై నల్లి మరక వెంటనే కనిపిస్తుంది. నల్లులు పట్టిన బట్టలను ఎండలో వేసినంత మాత్రాన చాలదు, బాగా కాగిన నీటిలో ఉతకాలి. గజ్జి వంటి చర్మవ్యాధులు ఒకరి పక్కబట్టల ద్వారా మరొకరికి సోకే అవకాశం ఉంది. స్నేహితునితో అన్నం పంచుకోవచ్చు గాని దుప్పటి పంచుకోరాదు.

పాత చీరలను పొరలుగా పేర్చి అమ్మమ్మ కుట్టిన బొంతను తోటివారి ముందు పరచడానికి సిగ్గుపడి, ఇంటివద్దనే వదిలివచ్చే విద్యార్థులున్నారు. అంగడిలోని మెరిసే కంబళి కోసం వారు తల్లిదండ్రులను ఒత్తిడి చేస్తారు. ఎన్నో ఉతుకులకు మెత్తబడిన ఆ నూలుకు సాటివచ్చేది అంగడిలో దొరకదు. సిగ్గుపడవలసినది బొంతను చూసి కాదు, మాసిన బొంతను చూసి.

ఇంట్లో పక్క ఎవరు పరిచారో, దుప్పటి ఎవరు ఉతికారో చాలామంది పిల్లలు గమనించరు. వసతిగృహంలో ఆ పని తమ చేతికి వచ్చిన రోజున తడిసిన దుప్పటి బరువెంతో వారికి తెలుస్తుంది. పాఠ్యప్రణాళికలో లేకపోయినా, జీవితాంతం ఉపకరించే పాఠమది.